పలకల సీమలో పలుకు దిద్దుకొందాం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా ఖర్చుల గురించి మాట్లాడుకొంటున్నాం. అవన్నీ అవసరమైన మాటలే. ఈసారి కార్యవర్గంవారు మమ్మల్ని పిలిచి, "మీరంతా కట్టుడు పళ్ళవాళ్ళు గదా! కొత్తగా కట్టించుకొన్నవాళ్ళకు మాట ఎందుకు తిరగదు, మళ్ళీ ఎట్లా తిరుగుతుంది, ఆ సంగతి చెప్పండి" అన్నారు. మేము అంటే ఒక్కరం కాదు. అరవై దాటి, పై వరుసో కింది వరుసో రెండూనో కట్టించుకొని, మొదట తడబడి, తర్వాత మాటను దారిలో పెట్టుకొన్నవాళ్ళం ఐదారుగురం ఉన్నాం. మా అందరి అనుభవాన్నీ, దంతవైద్యులు చెప్పే విషయాలనూ కలిపి ఈ నాలుగు ముక్కలూ రాసుకొని వచ్చాం. చదివేటప్పుడు మధ్యలో ఎక్కడైనా ఈల వినిపిస్తే హాయిగా నవ్వుకోండి. మాకేమీ అభ్యంతరం లేదు.

తిండి సంగతి తెలుసు, మాట సంగతి తెలియదు

పళ్ళు పోయినవాడికి తిండి కష్టమని అందరికీ తెలుసు. ఇంట్లోవాళ్ళు అన్నం మెత్తగా వండుతారు. రొట్టెను పాలలో నానబెట్టి ఇస్తారు. మాంసం ఇంకో గంట ఉడికిస్తారు. మాట కూడా కష్టమేనని మాత్రం ఎవరికీ తట్టదు. ఎందుకంటే, తినలేనివాడు మెత్తటిది పెట్టమని అడుగుతాడు. మాట్లాడలేనివాడు ఊరుకొంటాడు. ఊరుకొన్నవాణ్ణి చూసి "పెద్దవాడయ్యాడు, శాంతించాడు" అనుకొంటాం.

మన ఊళ్ళలోనే చూడండి. ఎన్నో ఏళ్ళు పిల్లలకు అరబ్బీ అక్షరాలు నేర్పిన పెద్దాయన, ముందు పళ్ళు పోగానే, "నా నోట అక్షరం సరిగా రావడం లేదు, పిల్లలకు తప్పు నేర్పినవాణ్ణి అవుతాను" అని చదువు చెప్పడమే మానుకొన్నాడు. పలకల ఫ్యాక్టరీలో కేక వేస్తే పదిమంది కదిలే మేస్త్రీ, ఇప్పుడు ఫోను మోగితే మనవడి చేతికిస్తున్నాడు. సంబంధాలు కుదర్చడంలో గట్టి మనిషి అని పేరున్న అమ్మ, పెళ్ళిళ్ళలో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వెనక వరుసలో కూర్చుంటున్నది. ఇటువంటివాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉన్నారు. పేర్లు చెప్పనక్కరలేదు.

వీళ్ళలో పళ్ళు కట్టించుకొన్నవాళ్ళు లేకపోలేదు. కట్టించుకొంటారు, ఒక వారం పెట్టుకొంటారు, మాట తిరగడం లేదని తీసి డబ్బాలో పెడతారు, ఆ డబ్బాను గూట్లో పెడతారు. పండగకో పెళ్ళి ఫోటోకో మాత్రం బయటికి తీస్తారు. వేలు పోసి చేయించిన బత్తీసీ గూట్లో ఉంటుంది, మనిషి మూలన ఉంటాడు. ఈ పరిస్థితి మారాలనే ఈ ప్రసంగం.

మన సీమ పళ్ళ కథ

పశ్చిమ ప్రకాశంలో పళ్ళ మాట వస్తే నీళ్ళ మాట రాక తప్పదు. 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదని డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో ప్రకటించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించి రాసిన తొలి నివేదికల్లో అది ఒకటి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మారింది. జిల్లాల పేర్లు మారినా బోరు నీళ్ళు మారలేదు.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్ళు, పళ్ళు ఏర్పడే చిన్న వయసులో ఏళ్ళ తరబడి తాగితే పంటి మీద తెల్ల మచ్చలు, పసుపు, గోధుమరంగు చారలు పడతాయి. ముదిరితే పంటి పైపొర గుంటలు పడి పెళుసవుతుంది. అందుకే మన ప్రాంతపు పిల్లల్లో కొందరు నవ్వడానికే మొగమాటపడుతూ పెరిగారు. అయితే పళ్ళన్నీ ఊడిపోయిన నేరం నీళ్ళ ఒక్కదాని మీదే వేయడం న్యాయం కాదు. చిగుళ్ళ జబ్బు, పిప్పిపన్ను, పొగాకు నమలడం, అదుపులో లేని షుగరు, ఇవన్నీ అందులో వాటాదారులే. పన్ను కదిలితే బాగుచేయించుకోవడం కంటె పీకించుకొని రావడమే సులువనుకోవడం మనకు అలవాటు. ఒకటి పీకించి, ఇంకొకటి పీకించి, ఒకనాటికి అద్దంలో చూసుకొంటే బోసినోరు మిగులుతుంది.

పళ్ళు పోయినచోట దవడ ఎముక కూడా ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి కుంగిపోతుంది. పెదవులు లోపలికి పోతాయి. నాలుక అటూ ఇటూ పరుచుకొంటుంది. పళ్ళు లేకుండా పదేళ్ళు గడిపి అప్పుడు కట్టించుకొంటే, సెట్టు కూర్చోవడానికి గట్టు ఉండదు, నాలుకేమో పాత చోటు వదలదు. కాబట్టి కట్టించుకొనే ఆలోచన ఉంటే వాయిదా వేయడం మంచిది కాదు. పీకించిన తర్వాత పుండు మాని ఎముక కుదుటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగమంటారు. అంతకంటె ఎక్కువ ఆగితే మనకే నష్టం.

మనది మూడు భాషల నోరు

చిన్నప్పుడు బడిలో తెలుగు వ్యాకరణం చదువుకొన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పెదవులతో పలికేవి ఓష్ఠ్యాలు, పళ్ళ దగ్గర పలికేవి దంత్యాలు, అంగిలి దగ్గర పలికేవి తాలవ్యాలు అని ఉండేది. త, థ, ద, ధ, న, స దంత్యాలు. తెలుగువాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేసి చ, జ అక్షరాలను రెండు రకాలుగా పలుకుతారు. చీమ, జిల్లా అన్నప్పుడు తాలవ్యం. చలి, చుక్క, జొన్న, జున్ను అన్నప్పుడు దంత్యం. పరీక్ష కోసం బట్టీపట్టిన ఈ పాఠం అరవై ఏళ్ళకు, పళ్ళు పోయినప్పుడు, అర్థమవుతుంది.

అరబ్బీ చదువులో అక్షరం పుట్టే చోటును మఖ్రజ్ అంటారు. తజ్వీద్ నేర్పే ఉస్తాదులు ఏం చెబుతారు? 'ఫే' పలకాలంటే పై ముందు పళ్ళ అంచు కింది పెదవి లోపలి వైపు తగలాలి. 'సే', 'జాల్', 'జోయ్' అక్షరాలకు నాలుక కొన పై ముందు పళ్ళ అంచుకు రావాలి. 'తే', 'దాల్', 'తోయ్' అక్షరాలకు నాలుక కొన అదే పళ్ళ మొదళ్ళకు తగలాలి. 'జ్వాద్' అక్షరానికి నాలుక పక్క భాగం పై దవడ పళ్ళకు ఆనాలి. అంటే ముందు పళ్ళే కాదు, వెనక దవడ పళ్ళకు కూడా అక్షరాలలో వాటా ఉన్నదన్నమాట.

చూడండి, తెలుగు వ్యాకరణమూ తజ్వీదూ ఒకదానికొకటి తెలియకుండానే పన్నును అక్షరం పుట్టే చోటుగా లెక్కవేశాయి. మనలో చాలామందికి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, నమాజులో అరబ్బీ. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల సోదరులకు రెండు. ఏదైనా సరే, ఒక భాష మాట్లాడేవాడికి ఒక పన్ను పోతే ఒక కష్టం, మనకు రెండు మూడు కష్టాలు. 'చలి' అన్నప్పటి చ, 'నమాజ్' చివరి జే, 'ఫాతిమా' మొదటి ఫే, మూడూ ఒక్కసారే చెడతాయి.

సెట్టు పెట్టగానే మాట ఎందుకు తిరగదు?

ఇప్పటి కట్టుడు పళ్ళను ఎక్కువగా యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. ఇది 1930ల చివరలో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. పై సెట్టు అంగిలి మొత్తాన్నీ కప్పుతుంది. కింది సెట్టు గుర్రపు లాడం ఆకారంలో ఉండి నాలుకకు చోటు వదులుతుంది. పై సెట్టుకు, అంగిలికి మధ్య ఉమ్మి పలుచగా పరుచుకొని దాన్ని పట్టి ఉంచుతుంది. కింది సెట్టుకు అంత పట్టు ఉండదు. నాలుక కదిలినప్పుడల్లా అదీ కదలాలని చూస్తుంది. అందుకే కింది సెట్టుకు అలవాటుపడటం ఎక్కువ కష్టం.

మొదటి రోజుల్లో జరిగేవి ఇవి. నోరు కొత్త వస్తువును తిండి అనుకొని ఉమ్మిని ఎక్కువగా ఊరిస్తుంది. మాట్లాడబోతే తుంపర్లు పడతాయి. అంగిలి ముందు భాగంలో ఉండే ముడతల్ని గుర్తుపట్టి నాలుక తన చోటు తెలుసుకొనేది. ఇప్పుడు అక్కడ నున్నటి పలక వంటిది వచ్చేసరికి నాలుకకు దారి తెలియదు. చీకట్లో తెలిసిన ఇంట్లోనే సామాను సర్దిపెట్టినట్టుంటుంది. ట, డ, ణ, ళ అక్షరాలకు నాలుక పైకి మడిచినప్పుడు అంగిలి రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగినట్టు అనిపిస్తుంది. 'స' అన్నప్పుడు గాలి పోయే దారి సన్నమైతే ఈల వస్తుంది, వెడల్పయితే 'స' కాస్తా 'శ' అవుతుంది.

ఇందులో ముఖ్యమైన సంగతి, ఇదంతా చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకొంటుంది. ఉమ్మి ఊరడం ఇంకా ముందే తగ్గుతుంది. నమలడానికి మాత్రం నెలన్నర, రెండు నెలలు పట్టవచ్చు. మొదటి వారంలోనే తీసి గూట్లో పెట్టేవాళ్ళు సరిగ్గా కష్టం అంతా పడి, ఫలం వచ్చే ముందు వదిలేస్తున్నారన్నమాట. అలవాటు కావలసింది నాలుకకు. సెట్టు గూట్లో ఉంటే నాలుక దేనికి అలవాటుపడుతుంది?

మైనం మీద ఉండగానే మాట్లాడండి

మేము చెప్పదలచుకొన్న అన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే. కాబట్టి దయచేసి శ్రద్ధగా వినండి.

పూర్తి సెట్టు కట్టాలంటే సాధారణంగా నాలుగైదుసార్లు వెళ్ళవలసి ఉంటుంది. మొదట దవడల అచ్చు తీస్తారు. తర్వాత ఇంకా ఖచ్చితమైన అచ్చు. మూడోసారి పై దవడ, కింది దవడ ఎంత ఎత్తులో కలవాలో కొలుస్తారు. నాలుగోసారి పళ్ళను మైనంలో అమర్చి నోట్లో పెట్టి చూస్తారు. ఆ తర్వాతే మైనం పోయి గట్టి ప్లాస్టిక్ వస్తుంది. మైనం మీద ఉన్నంతవరకు ఏ పన్నునైనా ముందుకు, వెనక్కు, పైకి, కిందికి జరపవచ్చు. గట్టిపడిన తర్వాత మార్చడం చాలా కష్టం. కొన్నిసార్లు మొదటినుంచీ చేయవలసిందే.

మనవాళ్ళు ఆ నాలుగోసారి ఏం చేస్తారు? అద్దంలో చూసుకొంటారు. "ఎట్లా ఉంది పెద్దాయనా?" అని డాక్టరుగారు అడిగితే, చదువుకొన్న మనిషి ముందు ఏం మాట్లాడుతాంలే అని, "బాగుంది సార్" అని తలూపి వచ్చేస్తారు. మర్యాద మంచిదే. కాని ఆ ఒక్క నిమిషం మర్యాదకు ఐదారేళ్ళు మాట పోగొట్టుకొంటున్నాం. ఆ రోజు అద్దం చూసుకొన్నంతసేపు మాట్లాడి కూడా చూడాలి. "డాక్టరుగారూ, ఐదు నిమిషాలు నన్ను మాట్లాడనివ్వండి" అని అడగాలి. మంచి డాక్టరు సంతోషిస్తాడు, ఎందుకంటే మాట విని పళ్ళు సరిచేయడం వాళ్ళ చదువులో భాగమే.

'స' అన్నప్పుడు పై పళ్ళు, కింది పళ్ళు బాగా దగ్గరికి వస్తాయి గాని తగలకూడదు. తగిలి టకటకమంటే ఎత్తు ఎక్కువైందని అర్థం. 'ఫ', 'వ' అన్నప్పుడు పై ముందు పళ్ళ అంచు కింది పెదవి మీద, తడీ పొడీ కలిసే గీత దగ్గర తేలికగా ఆనాలి. ప, బ, మ అనేటప్పుడు పెదవులు శ్రమ లేకుండా కలవాలి. లాగి మూయవలసి వస్తే పళ్ళు ముందుకైనా ఉన్నాయి, ఎత్తుగానైనా ఉన్నాయి. పళ్ళు మరీ లోపలికి ఉంటే 'త' కాస్తా 'ద' లాగా వినిపిస్తుంది.

ఇంగ్లీషులో చదువుకొన్న డాక్టరుగారు ఇంగ్లీషు అంకెలు లెక్కపెట్టమనవచ్చు. మన నోటికి మన మాటలే పరీక్ష. కాబట్టి వెళ్ళేటప్పుడే ఒక కాగితం మీద మీ మాటలు రాసుకొని వెళ్ళండి. ఇంట్లోవాళ్ళ పేర్లు, మీరు రోజూ వాడే మాటలు, వ్యాపారంలో చెప్పే ధరలు, నమాజులో చదివే సూరాలు అన్నీ మీ నోటనే పలికి చూడండి. నోరు ఏ పనికి కావాలో ఆ పనికే కొలత ఇవ్వాలి. చొక్కా కొలతకు టైలరు దగ్గర చేయి చాచినట్టు, ఇక్కడ మాట చాచాలి.

తిరిగి పలక పట్టాలి

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దని బడిపిల్లవాడు ఒకప్పుడు మన రాష్ట్రంలో అరుదు. పలకలు చేసిన సీమవాళ్ళం, ముసలితనంలో తిరిగి దిద్దుకోవడానికి సిగ్గుపడటం ఎందుకు? మేము చేసిన అభ్యాసం ఇది.

మొదటి రెండు రోజులు గదిలో ఒంటరిగా, అద్దం ముందు, గట్టిగా చదవాలి. పత్రికైనా సరే, పిల్లల పాఠమైనా సరే. మాట్లాడబోయే ముందు ఒకసారి గుటక వేసి, పళ్ళు మెల్లగా కలిపి సెట్టును చోటులో కూర్చోబెట్టి, అప్పుడు నోరు తెరవాలి. వేగం సగానికి తగ్గించాలి. నోరు మరీ పెద్దగా తెరిస్తే కింది సెట్టు లేస్తుంది. నోరు ఎండితే పై సెట్టు జారుతుంది, కాబట్టి దగ్గర నీళ్ళు పెట్టుకొని గుక్కెడు గుక్కెడు తాగుతుండాలి.

తర్వాత అక్షరాల వంతు. మాలో ఒకరు దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టారు. బస్సు కండక్టరు ఊళ్ళ పేర్లు పిలిచినట్టు మన ఊళ్ళ పేర్లు వరుసగా పిలవడం. త, ద అక్షరాలకు: తర్లుపాడు, త్రిపురాంతకం, దోర్నాల, దొనకొండ, దర్శి. ప, బ, మ అక్షరాలకు: పొదిలి, పెద్దారవీడు, బేస్తవారిపేట, మార్కాపురం, కంభం. ట, డ, ళ అక్షరాలకు: కొనకనమిట్ల, అర్ధవీడు, తాళ్ళూరు. చ, ర అక్షరాలకు: రాచర్ల, పుల్లలచెరువు, కురిచేడు. రైలు దారి కావాలంటే దొనకొండ నుంచి మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరు దాకా స్టేషన్లు పిలవండి. 'స' కోసం మేము కట్టుకొన్న వాక్యం: "సంతలో సజ్జలు సేరు, సందులో శనగలు సోలెడు." పదిసార్లు ఈల లేకుండా అనగలిగితే ఆ రోజుకు పాసయినట్టు.

ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోను ఉన్నది గదా. మొదటి రోజు మాట రికార్డు చేసి ఉంచుకోండి. పదిహేనో రోజు మళ్ళీ రికార్డు చేసి రెండూ వినండి. ఇంకో సంగతి, మన మాట మనకు వినిపించినంత చెడ్డగా ఎదుటివాళ్ళకు వినిపించదు. సొంత గొంతు కొంత ఎముకల గుండా చెవికి చేరుతుంది, నోట్లో జరిగే ప్రతి చిన్న చప్పుడూ మనకు పెద్దగా తోస్తుంది. రికార్డు వింటే ఆ బెరుకు సగం తీరుతుంది.

ఖురాన్ చదివే విషయం కొందరు ప్రత్యేకంగా అడిగారు. వుజూలో, గుసుల్‌లో సెట్టు తీయాలా వద్దా, రోజాలో ఏం చేయాలి అనే మసలాలు మౌల్వీ సాబులను అడిగి తెలుసుకోండి. అవి చెప్పదగినవాళ్ళం మేము కాము. పుక్కిలించేటప్పుడు తీసి కడిగి పెట్టుకోవడం నోటి శుభ్రతకు మంచిదని మాత్రం చెప్పగలం. తడబడుతూ కష్టపడి చదివేవాడికి రెట్టింపు పుణ్యమని మన పెద్దలు చెబుతూ వచ్చిన మాట ఉన్నది. దాన్ని పిల్లలకే కాదు, కట్టుడు పళ్ళ ముసలివాళ్ళకు కూడా అన్వయించుకోవచ్చు గదా!

చేయవలసినవి, చేయకూడనివి

కొత్త సెట్టు ఒరుసుకొని పుండు పడితే గాజుకాగితంతో, ఆకురాయితో ఇంట్లో అరగదీయకండి. డాక్టరు దగ్గరికే వెళ్ళండి. వెళ్ళే ముందు రోజు సెట్టు పెట్టుకొనే ఉండండి, అప్పుడే ఎక్కడ ఒరుస్తున్నదో ఆయనకు కనిపిస్తుంది. విరిగితే ఇంట్లో జిగురుతో అతికించకండి. వేడి నీళ్ళలో వేస్తే వంకర పోతుంది. రాత్రి తీసి మంచినీళ్ళలో ఉంచి చిగుళ్ళకు విశ్రాంతి ఇవ్వండి. కడిగేటప్పుడు కింద నీళ్ళ బేసిన్ పెట్టుకోండి, చేయి జారినా విరగదు. వదులైన సెట్టును అంటించే పొడితో ఏళ్ళ తరబడి నెట్టుకురావద్దు, దవడ మారింది కాబట్టి సెట్టు లోపలి భాగం సరిచేయించుకోవాలి. ఐదారేళ్ళకు ఒకసారి మొత్తం మార్చవలసి రావచ్చు.

నోటిలో పుండుగాని, తెల్ల మచ్చగాని, ఎర్ర మచ్చగాని రెండు వారాల్లో మానకపోతే, అది పళ్ళ ఒరిపిడే అనుకొని కూర్చోవద్దు. పొగాకు అలవాటు ఉన్నవాళ్ళు అసలు ఆలస్యం చేయవద్దు. నోటి కాన్సరును తొందరగా పట్టుకొంటే నయమయ్యే అవకాశం ఎక్కువ.

ఇద్దరు పెద్దమనుషుల పళ్ళు

కట్టుడు పళ్ళవాడు పెద్ద మాటలు మాట్లాడలేడనుకొనేవాళ్ళకు చరిత్రలో జవాబు ఉన్నది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1789లో ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో మిగిలింది ఒక్కటే సొంత పన్ను. ఆయనవి కర్ర పళ్ళని చెప్పుకొంటారు గాని అది నిజం కాదు. నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, లోహం కలిపి, స్ప్రింగులతో బిగించినవి. 1793లో రెండోసారి ప్రమాణం చేసినప్పుడు ఆయన ప్రసంగం మొత్తం 135 మాటలే. అంత బరువు నోట్లో పెట్టుకొని కూడా ఆయన లేచి నిలబడ్డాడు.

ఇంగ్లండు ప్రధాని చర్చిల్ సంగతి ఇంకా వింత. ఆయనకు 'స' పలకడంలో చిన్నప్పటినుంచీ తేడా ఉండేది. లోకమంతా ఆ గొంతును ఆ తేడాతోనే గుర్తుపట్టేది. అందుకని పై పళ్ళ పాక్షిక సెట్టును ఆ తేడా పోకుండా, కొంచెం వదులుగా ఉండేట్టు ప్రత్యేకంగా చేయించుకొన్నాడు. అటువంటి ఒక సెట్టు 2010లో వేలంలో 15 వేల పౌండ్ల పైచిలుకు పలికింది. మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, ఆయన పళ్ళకు తన మాటను లొంగదీయలేదు, తన మాటకు పళ్ళను లొంగదీసుకొన్నాడు. ఆయన అడిగి చేయించుకొన్నాడు. మనమూ అడగాలి.

మన దేశంలో గాంధీగారి బోసినవ్వు తెలియనివారెవరు? బోసినోరు సిగ్గుపడవలసిన విషయం కాదని దేశానికి చూపిన మనిషి ఆయన. పళ్ళు కట్టించుకొనే స్తోమత గాని, ఆరోగ్యం గాని లేనివాళ్ళు అది గుర్తుంచుకోవాలి. మాట్లాడటం పళ్ళున్నవాళ్ళ హక్కు మాత్రమే కాదు.

ఇంట్లోవాళ్ళకు ఒక మనవి

కోడళ్ళకు, కొడుకులకు, మనవళ్ళకు, మనవరాళ్ళకు ఒక మనవి. అబ్బాజాన్ మాట ఆగినప్పుడు మీరు అందుకొని పూర్తి చేయకండి. ఆయనకు వినపడదన్నట్టు గట్టిగా అరవకండి. పోయింది పళ్ళు, చెవులు కాదు. నవ్వు వస్తే ఆయనతో కలిసి నవ్వండి, ఆయన్ను చూసి నవ్వకండి. మొదటి మూడు వారాలు రోజూ అరగంట పక్కన కూర్చోండి. జేజిని ఒక కథ చెప్పమనండి. నానాను ఆయన చూసిన పాత మార్కాపురం సంగతులు అడగండి. ఎన్ని తాయెత్తులు కట్టినా రాని మాట, వినేవాడు ఎదురుగా కూర్చుంటే వస్తుంది.

పెద్దలకు ఒక మాట. మన ఇళ్ళలో ఆడవాళ్ళ పళ్ళ సంగతి అందరికంటె చివర వస్తుంది. మగవాళ్ళు బయట పదిమందితో మాట్లాడాలి కాబట్టి ముందు వాళ్ళకు కట్టిస్తారు. ఇంట్లో ఉండే మనిషికి ఎందుకులే అంటారు. పిల్లలకు మొదటి మాటలు నేర్పేది ఎవరు? దువాలు నేర్పేది ఎవరు? ఆ నోటికి ముందు కట్టించాలి.

సంఘానికి మా సూచనలు

మూడు చిన్న పనులు సంఘం పెట్టుకోవాలని కోరుతున్నాం. మొదటిది, ఏడాదికొకసారి పళ్ళు కావలసిన పెద్దల జాబితా రాసి, పదిమందిని ఒక జట్టుగా ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు తీసుకుపోవాలి. కడపలో ఒకటి, విజయవాడలో ఒకటి ఉన్నవి. ఒంటరిగా వెళితే మూడోసారికి విసుగు పుట్టి మానేస్తారు. జట్టుగా వెళితే ఒకరికొకరు తోడు. సంత దగ్గర కూర్చొని చవకగా పళ్ళు కట్టే చదువులేనివాళ్ళ చేతికి నోరు అప్పగించకుండా ఉంటారు.

రెండవది, ఆ జట్టులో ఒక చదువుకొన్న కుర్రవాణ్ణి లేదా అమ్మాయిని పంపాలి. మైనం పరీక్ష రోజున మన పెద్దల మాటల కాగితం చేత పట్టుకొని, "ఈయన ఈ మాటలు రోజూ పలకాలి సార్, ఒకసారి వినండి" అని చెప్పడానికి.

మూడవది, వారానికొక సాయంత్రం, కొత్తగా పళ్ళు కట్టించుకొన్నవాళ్ళు సంఘం గదిలో చేరి ఒకరి తర్వాత ఒకరు పత్రిక గట్టిగా చదవాలి. ఈలలు వేస్తే అక్కడ అందరూ వేసేవాళ్ళే కాబట్టి సిగ్గు ఉండదు. ఖర్చు ఒక పత్రిక, ఒక చాయ్.

చదువు చెప్పడం మానేసిన ఆ పెద్దాయన వంటివాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళ నోట్లో ఉన్నది వాళ్ళ సొంత ఆస్తి మాత్రమే కాదు. యాభై ఏళ్ళు పోగుచేసుకొన్న చదువు, బేరం, సామెత, సలహా, దువా అందులో ఉన్నవి. ఒక గుప్పెడు ప్లాస్టిక్ సరిగ్గా కూర్చోలేదని అదంతా గూట్లో పెట్టుకోవడం మన సంఘానికి నష్టం. పళ్ళు పోవడం వయసు చేసే పని. మాట పోకుండా చూసుకోవడం మన పని.